పాచిని వదిలించే పసరు ఉందా?

రెండేళ్ళ కిందట వేసవిలో మా అమ్మ రాజమండ్రి నుంచి కాల్గరీ వచ్చింది. ఒక ఆదివారం అందరం బో నది ఒడ్డుకు వెళ్ళాం. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. మా అమ్మాయి రాళ్ళ మీదకి గెంతబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "పాకుడు ఉంటుంది, జారతావు" అంది. నాకైతే రాళ్ళ మీద ఏమీ కనిపించలేదు. కాలు పెట్టి చూస్తే నిజంగానే జర్రున జారింది.

ఆ నెలలోనే అమ్మకి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆరు నెలల్లో అది మూడోసారి. (అమ్మ అనుమతితోనే రాస్తున్నాను. "నలుగురికీ పనికొస్తుందంటే రాయి, నా పేరు మాత్రం వెయ్యకు" అంది.) డాక్టరు వారం రోజులకి యాంటీబయాటిక్ మాత్రలు రాసి ఇచ్చారు. రెండో రోజుకి మంట తగ్గింది. మూడో రోజు నుంచి అమ్మ మాకు చెప్పకుండా మాత్రలు ఆపేసి, ఎవరో చెప్పారని పగలు క్రేన్‌బెర్రీ రసం, రాత్రి పసుపు పాలు మొదలుపెట్టింది. చెట్టుమందు ఉండగా ఈ వేడి చేసే మాత్రలు ఎందుకని ఆవిడ వాదన. ఆరో రోజు రాత్రి చలిజ్వరం, నడుము పక్కన నొప్పి. ఇన్ఫెక్షన్ మూత్రపిండానికి పాకింది. ఎమర్జెన్సీలో తెల్లవార్లూ కూర్చున్నాం, మందు నరంలోకి ఎక్కించాల్సి వచ్చింది. పైగా ఆ రసం సీసాలో క్రేన్‌బెర్రీ కన్నా చక్కెర ఎక్కువ, అమ్మకేమో షుగరు వ్యాధి. ఇన్సూరెన్సు వారితో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు వేరే కథ, అది ఇక్కడ వద్దు.

ఆ రాత్రి నాకు రెండు సందేహాలు పట్టుకున్నాయి. లాబ్ రిపోర్టులో "ఈ మందుకి క్రిమి లొంగుతుంది" అని స్పష్టంగా ఉన్నా, ఈ జబ్బు మాటిమాటికీ ఎందుకు తిరగబెడుతోంది? చెట్టుమందు అన్న మాటలో నిజం ఎంత? నేను వైద్యుణ్ణి కాను. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. కాని వెతుకుతూ పోతే మొదటి సందేహానికి జవాబులో పెద్ద భాగం నేను ఎమ్మెస్ చేసిన కాల్గరీ విశ్వవిద్యాలయంలోనే, సరిగ్గా అమ్మ చూపించినలాంటి పాకుడు రాళ్ళ దగ్గరే మొదలైందని తెలిసింది. రెండో సందేహం తీర్చుకోడానికి మాంట్రియల్ దాకా వెళ్ళాలి.

పాచి అంటే ఏమిటి?

ఇంగ్లీషులో బయోఫిల్మ్ అంటారు. దీన్ని "జీవపొర" అని అనువదించుకోవచ్చు గాని, మనకి పాచి అన్న చక్కని మాట ఉండగా అంత కష్టం ఎందుకు? పొద్దున్న లేవగానే పళ్ళ మీద ఉండేది పాచి, కడగని నీళ్ళతొట్టి గోడకి పట్టేదీ పాచే. తొట్టిలో పచ్చగా కనిపించే దాంట్లో నాచు కూడా కలిసి ఉంటుంది గాని, వేలికి జిగురుగా తగిలేదానిలో పెద్ద వాటా బాక్టీరియాదే. 1683లో హాలండు దేశస్థుడు లీవెన్‌హోక్ తన పళ్ళ మీది పాచిని గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో కదిలే జీవాలను చూసి ఆశ్చర్యపోయి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. మనిషి చూసిన మొదటి బాక్టీరియా గుంపుల్లో అదొకటి.

ఈ పాచి పట్టే తీరు ఇలా ఉంటుంది. నీళ్ళలో తేలుతున్న బాక్టీరియా ఏదో ఒక ఉపరితలానికి తగులుతుంది. అది రాయి కావచ్చు, పన్ను కావచ్చు, మూత్రం పోవడానికి పెట్టే గొట్టం కావచ్చు, కృత్రిమ మోకాలు కావచ్చు. మొదట వదులుగా, తరవాత గట్టిగా అతుక్కుంటుంది. అతుక్కున్న కొద్దిసేపట్లోనే దాని ప్రవర్తన మారిపోతుంది. ఈత మానేసి చుట్టూ జిగురు కార్చడం మొదలుపెడుతుంది. ఈ జిగురులో పిండిపదార్థాల గొలుసులు, ప్రొటీనులు, డీఎన్ఏ ఉంటాయి. ఆ జిగురులోనే పిల్లలు పుట్టి, గుంపు పెరిగి, మధ్యలో నీళ్ళు పారడానికి సందులతో సహా ఒక ఊరు వెలుస్తుంది. ఊరు నిండాక కొన్ని విడిపోయి కొత్త చోటు వెతుక్కుంటూ పోతాయి. జ్వరం మళ్ళీ రావడానికి ఇదొక దారి.

మరి ఒంటరి బాక్టీరియాకి ఎప్పుడు ఊరు కట్టాలో ఎలా తెలుస్తుంది? ప్రతి బాక్టీరియా చిన్న చిన్న రసాయన అణువులను బయటికి వదులుతూ ఉంటుంది. చుట్టూ ఆ అణువుల గాఢత ఒక స్థాయి దాటితే "మనవాళ్ళు సరిపడా ఉన్నారు" అని గ్రహించి, అన్నీ ఒకేసారి జన్యువులను మార్చుకుంటాయి. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఉన్నది మన సభల్లో వాడే కోరం అన్న మాటే. మేము డేటాబేసు సర్వర్ల మధ్య అంగీకారం కుదర్చడానికి రాసే ప్రోగ్రాములకీ ఇదే పేరు. మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశానికి కోరం కుదర్చడం ఎంత కష్టమో తెలిసిన వాళ్ళకి బాక్టీరియా మీద కొంచెం గౌరవం కలగాలి.

కాల్గరీ కథ

బిల్ కాస్టర్టన్ 1934లో బ్రిటిష్ కొలంబియాలోని వెర్నన్‌లో పుట్టాడు. 1960ల మొదట్లో పంజాబులోని బటాలాలో ఒక కళాశాలలో పాఠాలు కూడా చెప్పాడు. ఆ తరవాత కాల్గరీ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. 1970లలో ఆయనా, గిల్ గీసీ మొదలైన సహచరులూ కొండల మీద పారే చల్లటి సెలయేళ్ళలో బాక్టీరియాను లెక్కపెట్టారు. పారే నీళ్ళలో ఉన్నవి చాలా కొద్ది. రాళ్ళకి పట్టిన జిగురులో ఉన్నవి అంతకు ఎన్నో రెట్లు. అంటే ప్రయోగశాలల్లో వందేళ్ళుగా సీసాలో తేలుతున్న బాక్టీరియాని పెంచి శాస్త్రం రాస్తున్నారు గాని, బయట వాటి అసలు బతుకు రాళ్ళ మీద ఉంది. 1978 జనవరిలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో గీసీ, చెంగ్‌లతో కలిసి బాక్టీరియా ఎలా అతుక్కుంటాయో రాసిన వ్యాసం ఈ శాస్త్రానికి పునాదిరాయి అంటారు. ఆయన 1993లో అమెరికాలోని మోంటానాకి వెళ్ళిపోయాడు, 2012లో కాలం చేశాడు.

సెలయేటి రాయికీ, ఆసుపత్రికీ సంబంధం ఏమిటని అప్పట్లో చాలామంది వైద్యులు అనుకున్నారు. 1985లో నికెల్, కాస్టర్టన్ బృందం జవాబు చూపించింది. మూత్రపు గొట్టం తయారుచేసే ముక్క మీద సూడోమోనాస్ అనే మొండి బాక్టీరియాని పాచిలా పెంచారు. తేలుతున్న బాక్టీరియా మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాముల టోబ్రామైసిన్‌కి పూర్తిగా చచ్చిపోయాయి. అదే బాక్టీరియా పాచిలో ఉన్నప్పుడు 1000 మైక్రోగ్రాముల మందులో 12 గంటలు నానినా బతికే ఉన్నాయి. 20 రెట్లు మందు! రోగి శరీరంలో అంత మందు పొయ్యడం కుదరదు.

కారణాలు చాలా ఉన్నాయి. కొన్ని మందులు జిగురులోనే చిక్కుకుపోతాయి. అంతకన్నా ముఖ్యం, పాచి అడుగున ఆహారం, ప్రాణవాయువు అందక బాక్టీరియా మగతగా పడి ఉంటాయి. చాలా యాంటీబయాటిక్‌లు పెరుగుతున్న కణాన్నే దెబ్బతీస్తాయి, పడుకున్నదాన్ని కొట్టలేవు. కొన్ని బాక్టీరియా లోపలికి వచ్చిన మందుని వచ్చినట్టే బయటికి తోడి పోసే పంపులు పెట్టుకుంటాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ కంపెనీలో పరిశోధనలకి పెద్దగా ఉన్న రోజుల్లో, 1948లో లోకానికి వెల్లడైన ఆరియోమైసిన్ మొదలుకుని, ఆ తరం మందులన్నీ తేలే బాక్టీరియా మీద పరీక్షించి తెచ్చినవే. వాటి గొప్పతనం ఏమీ తగ్గదు, కోట్ల ప్రాణాలు నిలిపాయి. పాచి సంగతి అప్పటికి ఎవరి దృష్టిలోనూ లేదు, అంతే.

అమ్మ లాబ్ రిపోర్టు కూడా ఈ తేలే బాక్టీరియాతో చేసిన పరీక్షే. 1999లో కాల్గరీలోనే హోవర్డ్ సెరి బృందం ఒక పరికరం చేసింది. 96 గుంటల ప్లేటుకి 96 చిన్న మేకులున్న మూత. మేకుల మీద పాచి పెంచి, ఒక్కొక్క మేకుని ఒక్కొక్క మోతాదు మందులో ముంచి ఏది చస్తుందో చూస్తారు. ఇంజనీరు కళ్ళకి ముద్దొచ్చే పరికరం. పరిశోధనశాలల్లో బాగా వాడుకలో ఉంది గాని, మామూలు ఆసుపత్రి రిపోర్టులు ఇంకా పాత పద్ధతిలోనే వస్తాయి. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పు అవుతుంది. మూత్రం ఇన్ఫెక్షన్ తిరగబెట్టిన ప్రతిసారీ కారణం పాచే కాదు, చాలాసార్లు బయటినుంచి కొత్తగా వచ్చిన బాక్టీరియా కూడా. కాని 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్ శాస్త్రజ్ఞులు ఎలుకల మూత్రాశయపు కణాల లోపల పాచిలాంటి ముద్దలను చూశారు. మందు ఆపగానే మళ్ళీ లేవడానికి అవి కాచుకుని ఉంటాయి.

మొక్కలు ఏం చేస్తాయి?

మొక్క పారిపోలేదు, దానికి మనలాగా రక్తంలో తెల్లకణాలు లేవు. దానికి ఉన్నది రసాయనశాల. వేరు చుట్టూ కోట్ల బాక్టీరియా ఉంటాయి, వాటిలో కావలసినవీ ఉంటాయి. అన్నిటినీ చంపడం కన్నా కొన్నిటిని అతుక్కోనివ్వకపోవడం, వాటి మాటలు వాటికి వినపడకుండా చేయడం వంటి ఎత్తులు దానికి లాభం. పరిశోధకులకి ఆశ పుట్టించినది ఈ గుణమే. చంపే మందుకి బాక్టీరియా త్వరగా ఎదురు తిరుగుతుంది, చంపకుండా పక్కకి నెట్టేదానికి అంత త్వరగా తిరగకపోవచ్చు.

మాటలు వినపడకుండా చేసే పద్ధతి మొదట సముద్రంలో దొరికింది. ఆస్ట్రేలియా తీరంలో డెలీసియా అనే ఎర్ర నాచు మీద పాచి పట్టదు. అందులోని ఫ్యూరనోన్‌లు బాక్టీరియా కోరం సంకేతాలకి అడ్డు పడతాయని 1990లలో తేలింది. దురదృష్టం ఏమంటే అవి మనిషికీ విషమే. వెల్లుల్లిలోని అజోయీన్ ఇదే పని చేస్తుందని డెన్మార్కు వారు 2012లో చూపించారు. అంతకు ముందే ఇంగ్లండులో ఊపిరితిత్తుల్లో సూడోమోనాస్ పాచి పట్టిన 26 మంది సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకి వెల్లుల్లి గుళికలు ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన ఫలితం: చెప్పుకోదగ్గ తేడా లేదు. గాజు పళ్ళెంలో గెలిచినది ఒంట్లో ఓడిపోవడం ఈ రంగంలో మామూలు.

క్రేన్‌బెర్రీ

క్విబెక్‌లోనూ బ్రిటిష్ కొలంబియాలోనూ అక్టోబరులో క్రేన్‌బెర్రీ పొలాలకి నీళ్ళు పెట్టి, తేలిన ఎర్రటి కాయలను ఒక పక్కకి తోస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. మన ఆడవాళ్ళు ఇక్కడ వాక్కాయ దొరకక వీటితోనే పప్పు, పచ్చడి చేస్తారు. రుచి దాదాపు అదే.

ఈ కాయ మూత్రం జబ్బుకి మంచిదన్న మాట పాతది. పులుపు వల్ల పని చేస్తుందనుకునేవారు. అది కాదని, ప్రోయాంథోసయనిడిన్‌లు అనే వగరు పదార్థాల వల్లనని 1998లో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏమీ హొవెల్ బృందం చూపించింది. ఈ-కోలై బాక్టీరియాకి ఒంటి మీద సన్నటి నూగు ఉంటుంది, ఆ నూగుతోనే మూత్రనాళపు గోడని పట్టుకుంటుంది. క్రేన్‌బెర్రీ వగరు ఆ పట్టుని తప్పిస్తుంది. ద్రాక్షలో, తేయాకులో కూడా ఈ కుటుంబపు పదార్థాలే ఉన్నా, అణువుల మధ్య అతుకు వేరు. క్రేన్‌బెర్రీలో ఉండే ఆ రెండో అతుకుకే ఈ గుణం ఉంది.

మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు కెమికల్ ఇంజనీరింగు ఆచార్యురాలు నతలీ టుఫెంక్జీ ఈ పని ముందుకి తీసుకువెళ్ళారు. గొట్టాలు తయారుచేసే సిలికోన్‌లో క్రేన్‌బెర్రీ పొడి కలిపితే ప్రోటియస్ అనే బాక్టీరియా దాని మీద పాకలేకపోతోందని ఆవిడ బృందం 2013 ప్రాంతంలో చూసింది. గొట్టాల్లో సున్నపురాయిలాంటి పాచి పెంచి దారి మూసేసేది ఈ ప్రోటియసే. 2019లో విమల్ మైసూరియా, ఎరిక్ డెజియెల్ మొదలైన వారితో కలిసి ప్రచురించిన పరిశోధనలో ఇంకొక అడుగు వేశారు. క్రేన్‌బెర్రీ సారం బాక్టీరియా పైపొరను కొంచెం వదులు చేసి, మందుని బయటికి తోడే పంపులకి అడ్డుపడుతుంది. అంటే తక్కువ యాంటీబయాటిక్ సరిపోతుంది. ఇది కూడా ప్రయోగశాలలోనూ పురుగుల మీదా చేసినదే.

మనుషుల మాటేమిటి? ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. 2016లో అమెరికాలోని వృద్ధాశ్రమాల్లో 185 మంది స్త్రీలకి ఏడాది పాటు రోజూ 72 మిల్లీగ్రాముల వగరు పదార్థమున్న గుళికలు ఇచ్చారు. ఉత్తి గుళికలకీ వాటికీ తేడా కనబడలేదు. 2012లో కొక్రేన్ సంస్థ 24 పరిశోధనలు కలిపి చూసి లాభం లేదంది. 2023లో అదే సంస్థ 50 పరిశోధనలు, 8857 మందిని లెక్కలోకి తీసుకుని మాట మార్చుకుంది: మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలలో మళ్ళీ వచ్చే అవకాశం 26 శాతం, పిల్లలలో 54 శాతం తగ్గుతోంది. వృద్ధాశ్రమాల్లోని వారికి, గర్భిణులకి, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాని వారికి లాభం కనిపించలేదు. సంస్థ మాట మార్చుకుందని కొందరు నవ్వుతారు. సాక్ష్యం పెరిగినప్పుడు మాట మార్చుకోవడం నాకు నచ్చింది. కాని గమనించండి, ఈ లెక్కలన్నీ రాకుండా ఆపడం గురించినవి. వచ్చిన జబ్బుని తగ్గించడం గురించి కాదు. అమ్మ చేసిన పొరపాటు సరిగ్గా అక్కడే ఉంది.

మేపుల్ పాకం

మార్చి నెలలో రాత్రి గడ్డకట్టే చలి, పగలు కరిగే ఎండ ఉన్న రోజుల్లో మేపుల్ చెట్టుకి చిన్న కన్నం పెట్టి సారం తీస్తారు. మన గీత కార్మికుడు తాడికి ముంత కట్టినట్టే అనుకోండి. ఈ విద్య యూరపు వారు రాకముందే ఇక్కడి ఆదివాసులకి తెలుసు. దాదాపు 40 లీటర్ల సారం కాస్తే 1 లీటరు పాకం వస్తుంది. కాచినప్పుడు చక్కెరతో పాటు చెట్టులోని ఫీనాలు జాతి పదార్థాలు కూడా చిక్కబడతాయి.

టుఫెంక్జీ బృందం మాంట్రియల్ బజారులో మామూలు మేపుల్ సిరప్ కొని, చక్కెర తీసేసి, ఫీనాలు సారం మాత్రం వేరు చేసింది. ఆ సారం ఒంటరిగా బాక్టీరియాని పెద్దగా ఏమీ చేయలేదు. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌తో జత కట్టినప్పుడు మాత్రం కథ మారిపోయింది. ఈ-కోలై, ప్రోటియస్, సూడోమోనాస్ మూడింటి మీదా రెండూ కలిసి విడివిడి బలాల మొత్తం కన్నా ఎక్కువ పని చేశాయి, పాచి కట్టడమూ తగ్గింది. సారంలోని కేటికాల్ అనే పదార్థానికి ఇందులో ముఖ్యపాత్ర. 2015లో ఇది ప్రచురించారు. 2017 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో, జత కట్టినప్పుడు యాంటీబయాటిక్ మోతాదు 90 శాతం దాకా తగ్గించినా ప్రయోగశాలలో అదే ఫలితం వస్తోందని, పండు ఈగలూ, చిమ్మట పురుగు లార్వాలూ ఎక్కువ రోజులు బతికాయని చెప్పారు.

ఆ రోజుల్లో "మేపుల్ సిరప్ మందుల్ని తరిమేస్తుంది" అన్న ధోరణిలో వార్తలు వచ్చాయి. అసలు ఫలితం దానికి తలకిందులు. సారం మందుకి తలుపు తీసి పెడుతుంది, లోపలికి వెళ్ళి కొట్టాల్సింది మందే. మందు ఆపేసి తలుపు ఒక్కటే తీస్తే ఏమి లాభం? ఇక పాన్‌కేకు మీద పోసుకునే పాకం తాగితే ఆ ఫీనాలు మూత్రం దాకా అంత గాఢతతో చేరుతాయన్న రుజువు లేదు, చక్కెర మాత్రం తప్పకుండా చేరుతుంది. మేపుల్ సారం కలిపిన యాంటీబయాటిక్ ఏ మందుల షాపులోనూ లేదు.

మన వంటింటి సంగతి

పసుపు గురించి చెప్పకపోతే మా అమ్మ ఊరుకోదు. పసుపులోని కర్కుమిన్ పళ్ళెంలో చాలా బాక్టీరియాల పాచిని తగ్గిస్తుందని పరిశోధనలు లెక్కలేనన్ని. అయితే కర్కుమిన్ తిన్నది తిన్నట్టు రక్తంలోకి చేరదు, త్వరగా విరిగిపోతుంది. పైగా దానికి రంగు ఉంది, వెలుగు చిమ్మే గుణం ఉంది, కనబడిన ప్రొటీనుకల్లా అతుక్కుంటుంది. అందువల్ల చాలా పరీక్షల్లో లేని ఫలితం ఉన్నట్టు చూపిస్తుందని 2017లో ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు ఒక పెద్ద సమీక్షలో హెచ్చరించారు. పసుపు పాలు మానమని నేను చెప్పలేదు. మూత్రపిండానికి మందని మాత్రం అనకండి.

వేపపుల్ల విషయం వేరు. పాచిని వదిలించే అన్నిటికన్నా పాత పద్ధతి గీకడమే, నమిలిన పుల్ల కుంచెలా ఆ పని చేస్తుంది. చేదు ఎంత సాయపడుతుందో గాని గీకుడు సాయం మాత్రం ఖాయం. లవంగంలోని యూజెనాల్, దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్ కూడా పాచి మీద పని చేస్తాయి. వాటికి నోరు, గిన్నెలు, గొట్టాల వంటి పై పై చోట్ల అవకాశం ఎక్కువని నా అభిప్రాయం. అక్కడ మందు నేరుగా తగులుతుంది, కాలేయం దాటి రావక్కరలేదు.

దుకాణంలో కొనేముందు

కెనడాలో 2004 జనవరి 1 నుంచి ఇలాంటి సహజ ఆరోగ్య ఉత్పత్తులకి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. హెల్త్ కెనడా అనుమతి పొందిన సీసా మీద ఎన్.పి.ఎన్. అన్న అక్షరాలు, పక్కన 8 అంకెల సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యని హెల్త్ కెనడా వారి జాబితాలో వెతికితే ఏ పదార్థం, ఎంత మోతాదు, దేనికి అనుమతి అన్నది కనిపిస్తుంది. ఊరి నుంచి పెట్టెలో తెచ్చుకున్న పొడులకి ఈ సంఖ్య ఉండదు. క్రేన్‌బెర్రీ గుళికలు కొంటే ప్రోయాంథోసయనిడిన్ ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉన్నవి చూసుకోండి. షుగరు ఉన్నవారికి తియ్యటి రసం కన్నా గుళిక నయం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ముందుగా డాక్టరుకి చెప్పాలి.

జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తే ఏ రసమూ వద్దు, ఆసుపత్రికి వెళ్ళాలి. మేము ఆరో రోజు దాకా ఆగాం.

అమ్మకి ఆ తరవాత చూసిన డాక్టరు నెమ్మదిగా అన్నీ విన్నారు. క్రేన్‌బెర్రీ అనగానే కొట్టి పారేయలేదు. యాంటీబయాటిక్ ఆఖరి మాత్ర దాకా వేయించి, షుగరు అదుపు చేసి, ముట్లుడిగిన స్త్రీలకి పనికొచ్చే ఈస్ట్రోజెన్ క్రీము రాసి, ఆ పైన కావాలంటే క్రేన్‌బెర్రీ గుళిక వేసుకోవచ్చన్నారు. అమ్మ తిరిగి వెళ్ళేటప్పుడు రెండు సీసాల గుళికలు పెట్టెలో పెట్టుకుంది. పసుపు పాలు ఇప్పటికీ తాగుతోంది, మాత్రల పక్కన.